కొండ మీద మైకులో పేరు పిలిస్తే

తిరుపతి బస్టాండులో ఒక పావుగంట నిలబడితే ఊరి పేరే నాలుగు రకాలుగా చెవిన పడేది. పాకాల వైపు నుంచి దిగిన పెద్దాయనకు అది తిరపతి. వేలూరు బస్సు కండక్టరు డోరు తడుతూ అరిచేది "తిరుప్పది, తిరుప్పది" అని. ఉత్తరాది యాత్రికులు చివర ఇకారాన్ని సాగదీసి తిరుపతీ అనేవాళ్ళు, చాలాసార్లు అది కూడా మానేసి బాలాజీ అనేసేవాళ్ళు. ముళబాగిలు మీదుగా వచ్చిన కన్నడిగులు ఊరి పేరు మనలాగే పలికి దేవుణ్ణి మాత్రం తిమ్మప్ప అనేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ దిద్దేవాళ్ళు కాదు. దిద్దాల్సిన అవసరమూ లేదు. ఊరి పేరు ఎలా పలికినా బస్సు ఆ ఊరికే పోతుంది.

మనిషి పేరు అలా కాదు. తప్పు పలికితే ఆ మనిషి పలకడు.

సెల్‌ఫోన్లు లేని రోజుల్లో తిరుమలలో ఎవరైనా తప్పిపోతే మైకే దిక్కు. తలనీలాలిచ్చి గుండుతో బయటికొచ్చిన మొగుణ్ణి సొంత పెళ్ళామే గుర్తుపట్టక అటూ ఇటూ వెదుక్కునే చోటు అది. తెలుగు, అరవం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు ఒకదాని వెనక ఒకటి గాల్లో తేలుతూ వచ్చేవి. ఫలానా ఊరి నుంచి వచ్చిన ఫలానా వారు ఎక్కడున్నా ఫలానా చోటికి రావాలి, మీ వాళ్ళు మీ కోసం ఎదురుచూస్తున్నారు. వాక్యమంతా ఒకటే, మారేది ఊరూ పేరే. ఆ రెండు మాటలు సరిగ్గా పడితే క్యూలో కునికిపాట్లు పడుతున్న మనిషి కూడా దిగ్గున లేచేవాడు. పడకపోతే పదిసార్లు చదివినా ఒకటే.

మైకులో చదివేవాళ్ళకైనా, బడిలో హాజరు పిలిచే అయ్యవార్లకైనా, ఆస్పత్రి చీటీలు పిలిచేవాళ్ళకైనా చిక్కు ఒక్కచోటే. పేరు నోటి నుంచి కాగితం మీదికి పోయేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోకి మారుతుంది. కాగితం నుంచి మళ్ళీ నోటికొచ్చేటప్పుడు చదివేవాడి భాషలోకి మారుతుంది. ఈ రెండు మార్పుల్లో ఎక్కడ పొరపాటు జరిగినా పేరు చెడుతుంది. అందుకే పనితనం ఉన్నవాళ్ళు చీటీ అందుకోగానే ముందు ఊరు చూసేవాళ్ళు, ఆ తర్వాతే పేరు. ఊరు తెలిస్తే భాష తెలుస్తుంది, భాష తెలిస్తే ఆ అక్షరాలను ఎలా చదవాలో తెలుస్తుంది.

ఆర్కాడు, వేలూరు వైపు మగవాళ్ళకు పెట్టే పేరొకటుంది. అరవంలో ఏఴు అంటే ఏడు, మలై అంటే కొండ. మన ఏడుకొండలు అన్న పేరే అది. చీటీ మీద ఇంగ్లీషులో దీనికి మూడు నాలుగు అవతారాలు. కొందరు నడుమ ఎల్ రాస్తారు, కొందరు జెడ్, హెచ్ రాస్తారు, ముందు వై తగిలించేవాళ్ళూ ఉన్నారు. కొత్తగా మైకు ముందు కూర్చున్నవాడు జెడ్ చూసి ఎజుమలై అన్నాడో, ఆ పేరుగల ఆయన వరాహస్వామి గుడి మెట్ల మీద కూర్చుని అదంతా విని, పాపం ఎవరో తప్పిపోయారనుకుంటాడు.

ఆ ఴ పలకడం మనకు రాని విద్యేం కాదు. నాలుక కొసను వెనక్కి మడిచి అంగిలి వైపు లేపాలి, అంగిలిని మాత్రం తాకకూడదు. ళ అంటే నాలుక తాకుతుంది. డ అంటే గట్టిగా తాకి విడిపోతుంది. ర అంటే కొస అదురుతుంది. తాకకుండా, అదరకుండా గొంతును సాగనిస్తే వచ్చేదే ఆ ధ్వని. ళ అనబోయి దారిలో ఆగిపోయినట్టుండాలి. అరవంవాళ్ళలోనే చాలామంది మామూలు మాటల్లో దాన్ని ళ చేసేస్తారు కాబట్టి ఏళుమలై అన్నా ఆయన పలుకుతాడు, జ అంటే మాత్రం పలకడు. కనిమొళి, కోళిక్కోడ్, ఆలప్పుళ అన్నింటికీ ఇదే లెక్క.

ఈ అక్షరం ఒకప్పుడు మనదగ్గరా ఉండేది. 6వ శతాబ్దిలో రేనాటి చోళులు వేయించిన తొలి తెలుగు శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాత మన నోళ్ళలో అది చాలా మాటల్లో డ అయిపోయింది. వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు, చోఴులు చోడులు. ఈ జత ఒకటి గుర్తుంచుకుంటే చీటీలో జెడ్, హెచ్ పక్కపక్కన కనపడగానే చెయ్యి ఆగుతుంది.

అరవ పేర్లలో ఇంకో తిరకాసు వాళ్ళ లిపిది. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. చ, ట, త, ప వరసలదీ దాదాపు ఇదే సంగతి. మరి ఎక్కడ క, ఎక్కడ గ? దీనికి మన బడి వ్యాకరణమే సరిపోతుంది, ఆశ్చర్యంగా. గసడదవాదేశం గుర్తుందా? తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. క, చ, ట, త, ప కాస్తా గ, స, డ, ద, వ అవుతాయి. అరవంలో రెండు అచ్చుల నడుమ ఒంటిగా వచ్చిన హల్లుకు జరిగేది కొంచెం తేడాతో అదే, ఒక్క ప మాత్రం వ కాకుండా బ అవుతుంది. అందుకే సుమతి అని రాసుకున్న పిల్లను వాళ్ళింట్లో సుమది అంటారు, మాలతిని మాలది అంటారు. ఇక రెండోది సరళాదేశం. పూచెను, కలువలు కలిస్తే పూచెంగలువలు. ముక్కుతో పలికే అక్షరం పక్కన క, చ, ట, త, ప లాంటి పరుషం గ, జ, డ, ద, బ లాంటి సరళమవుతుంది. అరవంలోనూ అంతే. ఇంగ్లీషులో ఎన్, టీ, హెచ్ అని రాసినా ఆ పేరు సెందిల్, సెంథిల్ కాదు. వసంత కూడా వసంద. హల్లు ఒత్తుగా ఉంటే మాత్రం మెత్తబడదు, కార్త్తిక్‌లో త త గానే నిలుస్తుంది. ఇప్పుడు బస్టాండులో వినపడ్డ తిరుప్పది ఎలా పుట్టిందో చూడండి. వాళ్ళు ప ఒత్తి రాస్తారు, అది గట్టిగా నిలిచింది. త ఒంటిది, ద అయింది.

చిత్తూరును వాళ్ళు సిత్తూరు అనడం కూడా ఆ లిపి గుణమే. మాట మొదట్లో ఒంటి చకారాన్ని స గా పలకడం వాళ్ళకు అలవాటు. చెల్వం అని ఇంగ్లీషులో సీ, హెచ్‌లతో రాసి ఉన్నా సెల్వం అంటే ఎవరూ కాదనరు.

ఈ సూత్రం పనిచేయనిది సంస్కృతం నుంచో హిందీ నుంచో పోయిన పేర్ల మొదటి అక్షరం దగ్గర. గోపి, బాబు, దినేష్ వాళ్ళ లిపిలో కోపి, పాపు, తినేష్ లాగే కనపడతాయి, నోటితో మాత్రం గ, బ, ద అనే అంటారు. అరవ చీటీ అరవంలోనే రాసి ఉంటే, అరవం చదవడం కొద్దిగా వచ్చినవాడే ఇక్కడ బోల్తా పడేది. బొత్తిగా రానివాడు అడిగి తెలుసుకుంటాడు కాబట్టి వాడికి ఆ ప్రమాదం లేదు!

టీ, హెచ్ గొడవ వేరు. దక్షిణాదిలో తకు టీహెచ్ రాసి, ఒంటి టీని ట కోసం అట్టిపెట్టుకోవడం అలవాటు. గీత, లలిత, సవిత అందరికీ తోకలో హెచ్ ఉంటుంది. ఉత్తరాదిలో ఒంటి టీ అంటే త గానీ ట గానీ, హెచ్ చేరితే థ లేదా ఠ. 1872లో సర్కారు తీసుకున్న హంటరు పద్ధతి కూడా త, ట లకు ఒకటే అక్షరం ఇచ్చింది. ఫలితం రెండు వైపులా తమాషాగా ఉంటుంది. హిందీ మనిషి మన లలితను లలిథా అంటాడు. మనవాడు వాళ్ళ అమిత్‌ను అమిట్ అంటాడు, సునీతను సునీటా చేస్తాడు. రాఠోడ్‌లను రాథోర్‌లు చేసింది కూడా ఈ హెచ్, దాని వెంటున్న ఆర్. హిందీలో చుక్కపెట్టిన డ ఒకటుంది, ఇంగ్లీషులో దానికి ఆర్ రాస్తారు. అది మనకేమీ కొత్త ధ్వని కాదు. వాడు, గాడిద అని తొందరగా అన్నప్పుడు మన నాలుక విసిరే డ దాదాపు అదే. రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్‌ను ఇంగ్లీషులో చిత్తోర్‌గర్ లాగా రాయబట్టే మన చిత్తూరుతో దానికి లేనిపోని చుట్టరికం కలిసింది. కేరళలో పాలక్కాడు దగ్గర ఇంకో చిట్టూరు ఉంది, ఇంగ్లీషులో దాదాపు ఒకటే రాత. దాని నడుమ ఉన్నది మన త్త కాదు, అచ్చమైన ట్ట కూడా కాదు. నాలుక కొస పై పళ్ళ చిగురు మీద ఆనించి పలికేది.

దీర్ఘాలు, ళ, ణ ఇవన్నీ ఇంగ్లీషు కాగితం మింగేసేవే. కే, ఏ, ఎల్, ఏ అన్న నాలుగక్షరాల్లో కల, కళ, కాల, కలా అన్నీ ఇమిడిపోతాయి. కమలలో ఉన్నది ల, మంగళలో ఉన్నది ళ, కాగితం మీద రెండూ ఎల్లే. రేణిగుంటను రెనిగుంటా అని, కాణిపాకాన్ని కనిపకం అని చదివే గొంతులు ఇప్పుడు ఫోన్లలో కూడా ఉన్నాయి. చీటీ రాసుకునేటప్పుడే పక్కన తెలుగులో ఒకసారి రాసుకుంటే ఈ బాధలో ముప్పాతిక మూడొంతులు పోతుంది. మన లిపిలో హ్రస్వ దీర్ఘాలకు ఎ, ఏ, ఒ, ఓ కూడా వేరువేరుగా ఉన్నాయి, హిందీ లిపిలో హ్రస్వాలైన ఎ, ఒ లేవు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంటిపేరు హిందీ పుస్తకాల్లో సర్వపల్లీ అయి కూర్చుంది. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, చదువు కొంతకాలం తిరుపతిలో సాగింది, ఇంటిపేరేమో నెల్లూరు జిల్లా పల్లెది. ఇంగ్లీషు ఇ అక్షరాన్ని అకారమనుకున్న చదువరి చేతిలో సర్వేపల్లి సర్వపల్లి అయిందేమో. తిరుచానూరులో పుట్టి లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారిదీ ఇంతే. అయ్యంగార్ అన్న మాటను ఇంగ్లీషులో ఏతో మొదలుపెట్టి రాస్తారు, ఐతో మొదలుపెట్టీ రాస్తారు. రెండోది చూసినవాళ్ళు ఇయెంగర్ అంటారు. మాడభూషిలో మొదటి దీర్ఘం, డ రెండూ పోగొట్టి మదభూషి అన్న గొంతులకూ కొదవ లేదు.

ఇనీషియల్ సంగతి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ప్రత్యేకం, ఎందుకంటే ఒకే తరగతిలో రెండు పద్ధతుల పిల్లలూ ఉండేవాళ్ళు. తెలుగింటి మునిరత్నానికి ముందున్న కే అంటే ఇంటిపేరు. అరవింటి మునుసామికి ముందున్న కే అంటే నాయన పేరు. నగరి, సత్యవేడు, కుప్పం బడుల్లో హాజరు పట్టీ చదివే అయ్యవార్లకు ఇది నోటి లెక్క. ఫారాల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని గళ్ళు వచ్చాక అందరి పని తలకిందులైంది. మనవాళ్ళు ఇంటిపేరు ముందు పెడతారు కాబట్టి బయటిదేశంవాళ్ళు దాన్నే పేరనుకుని పిలుస్తారు. మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తిని జిడ్డు అని ముద్దుపేరులాగా తలిచేవాళ్ళు నేటికీ ఉన్నారు. అరవంవాళ్ళకు అసలు ఇంటిపేరే ఉండదు, గడి ఖాళీగా వదలకూడదంటే నాయన పేరు రాస్తారు, ఆపైన కౌంటరులో కొడుకును నాయన పేరుతో పిలుస్తారు.

హిందీ పేర్లలో గమనించాల్సింది అకారం. చివరి అకారం పోతుందని అందరికీ తెలుసు, రామ కాదు రామ్, అశోక కాదు అశోక్. నడుమ అకారం కూడా పోతుందన్నది తక్కువమందికి తెలుసు. మన కమల వాళ్ళ నోట కమ్‌లా, విమల విమ్‌లా. ఉత్తరాది మనిషి తప్పిపోయిన భార్యను కమ్‌లా అని చెబితే, హిందీ ప్రకటనలో కమలా అని మూడు అక్షరాలూ విడివిడిగా చదవడం మనకు శుద్ధంగా తోస్తుంది గానీ ఆవిడ చెవికి అది ఎవరి పేరో. మన రమణ వాళ్ళ నోట రమన్ అయ్యేది కూడా ఇందుకే. ఇక పిలుపులో రాగం. మన పేర్లు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మైకులో చివర సాగదీయడం మన అలవాటు, రాజేశ్వరీ, మునెమ్మా అని. హల్లుతో ముగిసే పేరును అలా సాగదీస్తే చివర ఉకారం వచ్చి చేరుతుంది, సురేషూ అవుతుంది. అలాంటి పేర్లలో చివరి హల్లుకు ముందున్న అచ్చును సాగదీయాలి, సురే...ష్ అని.

జ్ఞ ఒక్కటి చాలు దేశమంతా తిప్పి చూపడానికి. జ్ఞానేశ్వర్ అన్న పేరును మనం గ్న్యా అంటాం, ఇంగ్లీషులో జీ, ఎన్ రాస్తాం. హిందీలో గ్యా, రాత జీ, వై. మరాఠీలో ద్న్యా, రాత డీ, ఎన్, వై. అరవంలో ఞా. సంస్కృతం తెలిసినవాళ్ళు జే, ఎన్ రాస్తారు. కొల్హాపూర్ నుంచి వచ్చిన చీటీలో డీతో మొదలైన పేరు చూసి అదేదో తప్పు రాత అనుకుని సొంతంగా దిద్దితే మొదటికే మోసం. మరాఠీలో మనకు ఇంకో చుట్టరికం ఉంది. జాధవ్‌లో జ మన జాడలో జ, జీతంలో జ కాదు. నాలుక పళ్ళ వెనక ఆనుతుంది. పాత పుస్తకాల్లో దీనికి ౙ అని నెత్తిన గుర్తు వేసేవాళ్ళు. హిందీవాళ్ళకు లేని ఈ ధ్వని మనకూ మరాఠీవాళ్ళకూ ఉంది, అయినా జాధవ్‌ను హిందీవాళ్ళలాగే పలుకుతాం. ఎందుకో!

మలయాళంలో వల్సల అన్న పేరు చూసి కొత్త పేరనుకుంటారు. అది మన వత్సలే. స లాంటి కొన్ని హల్లుల ముందు తకారం వస్తే వాళ్ళ నోట ల అవుతుంది, ఉత్సవం ఉల్సవం అయినట్టు. వల్సల అనే పిలవాలి, దిద్ది వత్సల అంటే ఆవిడ వెనక్కి తిరగదు. వంగభాషలో వ బ అవుతుంది, అ ఒ వైపు ఒరుగుతుంది, లక్ష్మి లొక్ఖి అవుతుంది. రవీంద్రుడు 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలో ఉన్నప్పుడే జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశాడు, అక్కడి బిసెంటు కాలేజీలోనే ఆ పాటకు మార్గరెట్ కజిన్స్ స్వరాలు కట్టింది. ఆయన నోట ఆ పాట జొనొ గొనొ మొనొ, ఆయన ఇంటిపేరు ఠాకుర్. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టాగోర్ చేశారు, మనం టాగూరు చేసుకున్నాం. ఇది తప్పంటే తప్పే, కానీ తెలుగునాట పిల్లలకు పెట్టుకునేంతగా స్థిరపడ్డ పేరు, ఇప్పుడు దాన్ని కదిలించడం దండగ.

తురకం మాట్లాడేవాళ్ళ పేర్లలో ఒక్కటే చెప్పాలి. ఉర్దూ పుస్తకాల్లో గొంతు లోపలి నుంచి పలికే క ఉంటుంది. మన వైపు దక్ఖనీలో అది ఖ అవుతుంది. ఇఖ్బాల్, ఖాదర్ అనడం ఇక్కడి ఇళ్ళలో పలికే తీరు, లక్నో నుంచి వచ్చినవాళ్ళు దాన్ని తప్పుబడితే పట్టించుకోనక్కర్లేదు.

పేరు సరిగ్గా తెలిసినా మైకులో చెడేది శబ్దం వల్ల. గాల్లో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఒక హారను, అంటే మైకు బాకా, మన పక్కన, ఇంకొకటి వంద మీటర్ల అవతల ఉంటే రెండో గొంతు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా వస్తుంది. మామూలు మాటల్లో సెకనుకు అయిదారు అక్షరాలు పలుకుతాం. అంటే మొదటి హారను మూడో అక్షరంలో ఉండగా రెండోది ఇంకా మొదటి అక్షరం దగ్గరే ఉంటుంది. సుబ్రమణ్యం లాంటి పేరు ఆ వేగంతో చదివితే గుజ్జే మిగిలేది. అందుకని పేరు వచ్చేసరికి వేగం సగానికి తగ్గించి, పేరుకు ముందు ఒక క్షణం, తర్వాత ఒక క్షణం ఖాళీ వదిలేవాళ్ళు. హారన్లు సన్నటి చప్పుళ్ళను సరిగ్గా మోయవు, స, శ, ఫ ఒకదానిలా ఒకటి వినపడతాయి. మ, న కూడా కలిసిపోతాయి. శశికళ, సుశీల లాంటి పేర్లకు ఊరు, వెంట వచ్చినవాళ్ళ పేరు తప్పకుండా జతచేయాలి. నోటికీ మైకుకూ నాలుగు వేళ్ళ ఎడం, మొహం ఇంచుక పక్కకు. ఎదురుగా పెట్టుకుంటే ప, భ దగ్గర గాలి తగిలి ఢబ్బుమంటుంది. భాగ్యమ్మ గారి పేరు పిడుగు పడ్డట్టు వినపడి ఆమె ఉలిక్కిపడటమే తప్ప తన పేరని తెలుసుకోదు. రెండోసారి చదివేటప్పుడు మొదటిసారి ఎలా పలికారో అలాగే పలకాలి. అనుమానం వచ్చి రెండోసారి మార్చి పలికితే వినేవాళ్ళకు ఇద్దరు మనుషులవుతారు.

చిన్నపిల్లలది అసలే వేరు. తప్పిపోయిన నాలుగేళ్ళ పిల్లను పేరడిగితే బడి పేరు చెప్పదు. పాప్పా అంటుంది, చిట్టి అంటుంది, బుజ్జి అంటుంది. పాప్పా అని ప ఒత్తి అంటే అరవింటి పిల్ల. అమ్మ పేరు అడిగితే అమ్మే అంటుంది. అప్పుడు అమ్మను వాళ్ళ నాన్న ఏమని పిలుస్తాడని అడగాలి. "మేయ్" అని పిలుస్తాడంటే అప్పుడా పిల్ల మన చిత్తూరు వైపుదని ఊరైనా తెలుస్తుంది.

ఇప్పుడు సత్యవేడు దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీలకు జపాను, కొరియా, చైనాలవాళ్ళు వచ్చి ఉంటున్నారు. జపాను పేర్లు తెలుగువాడికి పండగ. ఒక్క న్ తప్పిస్తే దాదాపు ప్రతి అక్షరమూ అచ్చుతో ముగుస్తుంది, దేన్నీ నొక్కి పలకరు, హ్రస్వ దీర్ఘాలు తేడా చూపిస్తే చాలు. ఒనో వేరు, ఓనో వేరు. వాళ్ళకూ ఇంటిపేరు ముందే. ల లేదు కాబట్టి మన లక్ష్మి వాళ్ళ నోట రకారంతో మొదలవుతుంది, అది మనం సహించాలి. కొరియాలో పార్క్ అని రాసే ఇంటిపేరులో ఆర్ ఉత్తదే, పాక్ అనాలి. లీ అని రాసేది నిజానికి ఈ. చైనా పేర్లకు 1958 నుంచి అక్కడ అధికారికంగా ఉన్న పిన్‌యిన్ రాతలో బీ, డీ, జీ అంటే మన ప, త, క. పీ, టీ, కే అంటే ఊపిరి వదులుతూ వత్తి పలికే ప, థ, ఖ. ఎక్స్ అంటే శ. జెడ్ అంటే మన చలిలో ఉండే దంత్య చ. ఇంగ్లీషువాడికి ఇవన్నీ కష్టం, మనకు అక్షరమాలలో ఉన్నవే. బడి పుస్తకంలో హుయాన్‌త్సాంగ్ అని నోరు తిరక్క చదివిన యాత్రికుడి పేరు దాదాపు శ్వెన్‌చాంగ్.

ఎవరి పేరైనా సరే అడిగే తీరొకటుంది. స్పెల్లింగు అడగకూడదు. అడిగితే ఇంగ్లీషు అక్షరాలు అప్పజెబుతారు, మళ్ళీ మొదటికొస్తాం. "మీ ఇంట్లో ఏమని పిలుస్తారు సామీ?" అని అడగాలి. రెండుసార్లు చెప్పించుకోవాలి, మొదటిసారి మన మర్యాద కోసం శుద్ధంగా చెబుతారు, రెండోసారి అలవాటుగా చెబుతారు. రెండోదే పేరు. దాన్ని మన లిపిలో రాసి, దీర్ఘం ఎక్కడో ఒత్తు ఎక్కడో చూసి, వాళ్ళ ముందే ఒకసారి చదివి వినిపించాలి. తల ఊపితే సరే, మొహమాటంగా నవ్వితే ఇంకా తప్పుందని అర్థం.

అలా చదివి వినిపించేటప్పుడు చేయి దురద పెట్టే పేర్లు కొన్ని వస్తాయి. అమ్మవారి పేరు అరవంలో అలర్మేల్‌మంగై, పువ్వు మీద ఉన్న అమ్మ. అది నోళ్ళలో నలిగి అలమేలు అయింది, మన పల్లెల్లో ఇంకా నలిగి అలివేలు అయింది. చదువుకున్న గుమాస్తా ఒకడు అలివేలును కొట్టేసి అలమేలు అని దిద్ది పంపేవాడు. మైకు దగ్గర పాతకాపు ఉంటే ఊరు చూసేవాడు. కంచి చీటీ అయితే దిద్దింది అలాగే ఉంచి అలమేలు అని చదివేవాడు. పాకాల చీటీ అయితే దిద్దినదాన్ని కొట్టేసి, కింద ఉన్న మొదటి రాతను వెలుతురుకు పట్టి చూసి, పాకాల నుంచి వచ్చిన అలివేలూ అని చివర సాగదీసి పిలిచేవాడు.